మోహనలో మధ్యమం

కిరండూల్‌లో బట్టలు ఆరేయడం ఒక విద్య. గాలి ఇనుప ఖనిజం గని వైపు నుంచి వీచిందంటే తెల్ల చీర సాయంత్రానికి ఇటుక రంగుకు తిరుగుతుంది. అందుకే మా రైల్వే కాలనీలో ఆడవాళ్ళం గాలి చూసుకుని పొద్దున్నే ఆరేసి, మధ్యాహ్నం లోపే తీసేస్తాం. నేను టౌన్‌షిప్ ఆసుపత్రిలో నర్సును. నా యూనిఫారం తెల్లది కాబట్టి ఈ విషయంలో నా పట్టుదల మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువ.

ఆ రోజు దండెం మీద బట్టలు వేస్తూ మా చర్చి పాట ఒకటి పాడుకుంటున్నాను. మా కాలనీలో దాన్ని వానపాట అంటారు. తొలకరి పడ్డ తర్వాత వచ్చే మొదటి ఆదివారం అందరం నిలబడి పాడతాం. చిన్నప్పటి నుంచి నోట్లో నానిన పాట, అర్థం కూడా ఆలోచించకుండా వచ్చేస్తుంది.

"ఏమ్మా, అది మోహనే కదూ?" అని గోడ అవతలి నుంచి గొంతు వినిపించింది.

పక్క క్వార్టర్లో కొత్తగా దిగిన అక్కగారు. ఆవిడ భర్త సిగ్నల్ డిపార్ట్‌మెంటులో బదిలీ మీద వచ్చారు. వాళ్ళది విజయనగరమని మాత్రమే తెలుసు, అప్పటికి మాటలు కలవలేదు.

"మోహన ఎవరండీ?" అన్నాను. ఆసుపత్రిలో ఎవరైనా పేషెంటు గురించి అడుగుతున్నారనుకున్నాను.

ఆవిడ నవ్వు ఆపుకోలేక చాకిరేవు బండ మీద కూర్చుండిపోయారు. "రాగం అమ్మా, రాగం. నువ్వు పాడుతున్నది మోహన రాగం. ఎవరు నేర్పారు నీకు?"

ఎవరూ నేర్పలేదన్నాను. చర్చిలో అందరూ పాడతారు, నేనూ పాడతాను, అంతే. ఆ సాయంత్రం మా కీర్తనల పుస్తకం తీసుకెళ్ళి ఆవిడకు చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పుతూ ప్రతి పాట పైనా చిన్న అక్షరాల్లో ఉన్న పంక్తిని వేలితో చూపించారు. రాగం ఫలానా, తాళం ఫలానా. నలభై ఏళ్ళుగా ఆ పుస్తకం పట్టుకుని పాడుతున్నాను. ఆ పంక్తిని ఒక్కసారి కూడా చదవలేదు. అవి అచ్చు వేసినవాళ్ళ సొంత గుర్తులేమో అనుకునేదాన్ని.

"ఇందులో తోడి ఉంది, సావేరి ఉంది, ఆనందభైరవి ఉంది. నీ చేతిలో ఇంత పెట్టుకుని మోహన ఎవరని అడుగుతావేమిటమ్మా?" అన్నారు. ఆ మాటలో వెక్కిరింత లేదు, ఆశ్చర్యం ఉంది.

అలా మొదలైంది. మా ఆయన లోకో పైలట్. ఖనిజం బండి తీసుకుని కొండ కిందికి దిగితే మర్నాటికి గాని రాడు. నాకు ఉదయం డ్యూటీ ఉన్న రోజుల్లో మధ్యాహ్నాలు ఖాళీ. అక్కగారికీ అంతే. మొదట్లో వాళ్ళ దేవుడి గది ముందు కూర్చోవాలంటే నాకు సంకోచంగా ఉండేది. నేను చెప్పకుండానే ఆవిడ గ్రహించి చాప తెచ్చి ముందు గదిలో వేశారు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ఆ ప్రస్తావన మళ్ళీ రాలేదు.

పాడటం నేర్పుతారేమో అనుకున్నాను. ఆవిడ వినడం నేర్పారు. ఫోన్లో తంబుర పెట్టి, "ముందు షడ్జం ఎక్కడుందో పట్టుకో. ఇంటికి దారి తెలిస్తే ఊరంతా తిరగొచ్చు" అనేవారు. వినేటప్పుడు చేతిలో పని ఉండకూడదు. ఒకసారి చిక్కుడుకాయలు తీసుకెళ్ళి వలుస్తూ కూర్చుంటే, పళ్ళెం తీసి వంటింట్లో పెట్టేశారు. "వినడమూ ఒక పనేనమ్మా. రెండు పనులు ఒకేసారి చేయకు."

మొదటి వారాల్లో నాకు అన్నీ ఒక్కలాగే వినిపించాయి. విసుగు కూడా వచ్చింది. నర్సు ట్రైనింగులో స్టెతస్కోపు చెవిలో పెట్టుకున్నప్పుడూ ఇంతే. అందరి గుండెలూ ఒకటే లబ్‌డబ్. ఒక రోజు ఎందుకో ఒక పాప గుండెలో ఆ రెండు చప్పుళ్ళ మధ్య సన్నగా గాలి పోతున్నట్టు వినిపించింది, ఇక ఆ తర్వాత వద్దన్నా వినిపించేది. రాగాలూ అలాగే విడిపోయాయి. ఒక మధ్యాహ్నం పేరు చెప్పకుండా ఆవిడ ఏదో పెడితే, నా నోటి నుంచి "సావేరి" అని వచ్చేసింది. అక్కగారు చప్పట్లు కొట్టలేదు. లేచి వెళ్ళి రెండో కాఫీ తెచ్చారు.

పాట అయిపోయాక కథ ఉండేది. నేను వెళ్ళేది సగం ఆ కథల కోసమే. వీధుల్లో పాడుతూ బియ్యం అడుక్కుని, రాజుగారు రమ్మన్నా వెళ్ళని ఆయన కథ. ఖైదులో కూర్చుని దేవుణ్ణే నిలదీసి పాడిన ఆయన కథ. ఎండిపోయిన ఊరి గుండా వెళ్తూ గొంతెత్తితే వాన కురిసిందని చెప్పే ఇంకొకాయన కథ. అక్కగారు ఆ కథలు చెప్తుంటే వాళ్ళంతా మా కాలనీలోనే ఏదో క్వార్టర్లో ఉండి బదిలీ మీద వెళ్ళిపోయినట్టుండేది.

"ఇదంతా నిజంగా జరిగిందా అక్కగారూ?" అని అడిగాను ఒకసారి.

"నేనూ మా గురువుగారిని అడిగాను. పాట నిజం, మిగతావన్నీ పాటకు మనం కలిపిన చుట్టాలు అన్నారాయన" అని, నా వైపు తిరిగి, "మరి మీ వానపాట ఎవరు కట్టారు?" అన్నారు.

తెలియదన్నాను. పుస్తకంలో వెతికితే ఆ పాట అసలు లేదు. మాకు నోటితో వచ్చిందే. పూర్తిగా ఒకసారి పాడమన్నారు. పాడాను. రెండో చరణంలో ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"ఆ మాట మళ్ళీ అను. 'నేల' అన్న చోట."

మళ్ళీ పాడాను. మూడోసారీ పాడించారు.

"మోహనలో మధ్యమం ఉండదమ్మా. గాంధారం తర్వాత పంచమమే. నువ్వు 'నేల' అన్నప్పుడు మధ్య మెట్టు మీద కాలు పెట్టి వెళ్తున్నావు. నువ్వొక్కదానివే అలా పాడతావా, అందరూనా?"

అందరూ అలాగే పాడతారు. చర్చి రేకుల కప్పు మీద వాన మోగుతుంటే గొంతు చించుకుని పాడినా, అక్కడికి వచ్చేసరికి అందరి గొంతులూ ఒకేలా వంగుతాయి. ఆ మాట చెప్పాను.

"కొన్ని రాగాలు బయటి స్వరాన్ని రానిస్తాయి. అన్యస్వరం అంటాం. మోహనకు ఆ అలవాటు లేదు. అయితే మీవాళ్ళంతా కలిసి తప్పు పాడుతున్నారు, కాకపోతే కట్టినాయన కావాలని పెట్టాడు. ఎవరో కనుక్కోరాదూ?"

నాకు నాన్న గుర్తొచ్చాడు. నాన్న ఈ లైన్లోనే పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేరి, ఆ గ్యాంగుకు పెద్ద అయిన మేటుగా రిటైరయ్యాడు. ఇప్పుడు తమ్ముడి దగ్గర, జగదల్‌పూర్ పక్కనున్న నగర్‌నార్‌లో ఉంటాడు, తమ్ముడికి స్టీలు ప్లాంటులో ఉద్యోగం. ఎండాకాలం సెలవు పెట్టి వెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక నాన్న మంచం పక్కన కూర్చుని అడిగాను. శ్రీకాకుళం వదిలి యాభై ఏళ్ళయినా నాన్న యాస మారలేదు.

"వానపాటా? అది మన గ్యాంగులో సేసినోడిదే. కొంటా వైపు అడివోడు, దొర్ల తెగోడు. నల్లగా, పొడుగ్గా ఉండీవోడు. నీకు మూడో నాలుగో ఏడొచ్చినప్పుడు ఉద్యోగం మానేసి ఎల్లిపోనాడు."

"ఆయనకి సంగీతం ఎక్కడిది నాన్నా?"

"సంగీతమేటి! మనింట్లో రేడియో ఉండీది కాదా. పొద్దున్న పెద్ద పాటలు పెడితే మీయమ్మ కట్టేమనీది. ఆడు కిటికీ కాడ నిలబడి కట్టొద్దు మేటుగోరూ, కట్టొద్దు అనీవోడు. డ్యూటీకి టైమైపోతన్నా కదిలీవోడు కాదు."

ఆ 'నేల' అన్న మాట దగ్గర గొంతు ఎందుకు వంగుతుందని అడిగితే నాన్న పకపకా నవ్వాడు.

"ఆడికి అక్కడ గొంతు జారిపోయీది. బీడీలు. ఆడెలాగ పాడితే మనమూ అలాగే నేర్సీసుకున్నాం. అంతకన్నా ఏటుంటాది?"

అంతే అయి ఉండవచ్చు. అయినా నాకు తృప్తిగా లేదు. తెలుగు సరిహద్దు మీది కొంటాలో ఉన్న మా చర్చివాళ్ళకు ఫోను చేసి వాకబు చేశాను. మనిషి పోయి చాలా ఏళ్ళయిందట. అడవుల్లో కాల్పుల గొడవలకు ఊళ్ళు చెదిరిపోయిన రోజుల్లో వాళ్ళు పల్లె విడిచి కొంటా వచ్చేశారు, భార్య అక్కడే కూతురి దగ్గర ఉందని చెప్పారు. సెలవు ఇంకా మిగిలి ఉంది. జగదల్‌పూర్‌లో పొద్దున్నే బస్సెక్కాను. దర్భా ఘాటు రోడ్డు దిగి, సుక్మా దాటాక బస్సులో మాటలు మారుతూ వచ్చాయి. హిందీ, అక్కడి హల్బీ భాష తగ్గి, మనకు సగం అర్థమయ్యే దొర్లల మాట దొర్లీ, తర్వాత తెలుగు. కొంటాలో దిగేసరికి టీ కొట్టువాడు నన్ను "ఏంది అక్కా, ఏడికి పోవాలె?" అని అడిగాడు.

ఇల్లు హైవేకు దగ్గరే. వెనక శబరి నది కనిపిస్తుంది. ఆమె వసారాలో చింతపండు ముందు వేసుకుని గింజలు తీస్తోంది. నేను ఫలానా మేటు కూతుర్నని చెప్పగానే చెయ్యి తుడుచుకుని నా గడ్డం పట్టుకుని చూసింది.

"రేడియో మేటు బిడ్డవా? నిన్ను నేను ఎత్తుకున్న. కూసో, కూసో."

పెద్దమ్మా అని పిలిచాను. ఏ పని మీద వచ్చానో చెబితే నమ్మలేదు. ఇంత దూరం పాట గురించి అడగడానికి ఎవరైనా వస్తారా అంది. పింఛను కాగితాల పనేదో ఉందనుకుంది. చివరికి నేను వానపాట ఎత్తుకున్నాను. రెండో చరణం దాకా ఆమె తల ఊపుతూ విన్నది. 'నేల' దాటాక నన్ను ఆపింది.

"గది నా పాట" అంది.

నాకు అర్థం కాలేదు.

"నాకు ఆడ కిరండూల్‌లో దిల్ పట్టేది కాదు బిడ్డా. పొలం లేదు, ఏమి లేదు. ఎటు జూసినా ఎర్ర దుమ్ము, గాడీల చప్పుడు. ఓ ఏడు వాన ఎనకకు బోయింది. తర్వాత ఓ పొద్దు దబదబ కొట్టింది. నేను క్వార్టర్ బయట నిలబడి మా అమ్మ నాట్లల్ల పాడే పాట తీసిన. ఆయన మంచంల పండుకొని ఉన్నడు. గదేంది, మళ్ళ పాడు అన్నడు. నాట్లు లేని కాడ నాట్ల పాటేంది అని నవ్విన. అయినా మళ్ళ పాడిన."

"తర్వాత?"

"ఆదివారం ప్రార్థనల లేచి నిలబడ్డడు. కొత్త పాట అన్నడు. రేడియో రాగం, యేసు ప్రభు మాటలు. నడుమల మాత్రం నాది. అందరి ముంగట నా పాట ఎత్తుకపోయి దేవునికిచ్చిండు. నాకు మస్తు కోపమొచ్చింది. మాట్లాడలే ఆయనతోటి."

"ఎన్నాళ్ళు మాట్లాడలేదు పెద్దమ్మా?"

"ఎన్నాళ్ళో యాదికి లేదు. ఆకలైతది గద మనిషికి, అన్నం పెట్టిన. అన్నం పెట్టినంక మాట్లాడకుంట ఎట్లుంటం?"

ఆ నాట్ల పాట పాడమని అడిగాను. సిగ్గుపడింది. గొంతు పోయిందంది. హైవే మీద లారీలు పోతున్నాయి. అవి కాస్త తగ్గాక, నా వైపు కాకుండా నది వైపు చూస్తూ, దొర్లీలో నాలుగు పాదాలు పాడింది. మాటలు నాకు సగమే తెలిశాయి. ఒక చోట మాత్రం గొంతు పైకి ఎక్కబోతూ మధ్యలో ఆగి వంగింది. అది మా 'నేల' దగ్గర వచ్చే వంపేనా, లేక నేను దాని కోసమే ఎదురుచూస్తున్నాను కాబట్టి అలా వినిపించిందా, నిజంగా చెప్పలేను. ఫోన్లో రికార్డు చేసుకోవచ్చా అని అడిగి ఇంకోసారి పాడించుకున్నాను.

చాయ్ తాగుతుంటే అక్కగారి గురించి, ఆవిడ చెప్పే కథల గురించి చెప్పాను. అడుక్కు తిన్న ఆయన గురించి, ఖైదులో పాడిన ఆయన గురించి. ఖైదు కథ ఆమెకు తెలుసు. భద్రాచలం వాళ్ళకు దగ్గరే కదా. అంతా విని ఒక మాట అడిగింది.

"గంత గొప్పోళ్ళు గద. వాళ్ళ పెండ్లాలు ఏం జేసిన్రు?"

మా అక్కగారిని అడిగి చెప్తానన్నాను.

కిరండూల్ తిరిగి వచ్చిన రోజే పక్కింటికి వెళ్ళాను. అక్కగారు రికార్డింగు మూడుసార్లు విన్నారు. లారీ హారను వచ్చిన చోట ముఖం చిట్లించి, మళ్ళీ వెనక్కి జరిపారు. కళ్ళు మూసుకుని తనలో తాను పాడుకుని చూశారు.

"మధ్యమమే. కానీ నిలబడ్డ మధ్యమం కాదు. గాంధారమే కాస్త మెడ చాచి చూస్తున్నట్టుంది. మీ నాన్నగారు చెప్పినట్టు గొంతు జారిందన్నా నమ్మొచ్చు, ఈవిడ చెప్పినట్టు నాట్ల పాటన్నా నమ్మొచ్చు."

"మీరేది నమ్ముతారు?"

"ఆయన గొంతు జారిన చోటు, ఈవిడ పాట, రెండూ ఒకటే అయితే?" అన్నారు. అంతకంటే ముందుకు ఆవిడా వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు.

తర్వాత పెద్దమ్మ అడిగిన ప్రశ్న చెప్పాను. అక్కగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు.

"నాకు తెలిసిన కథల్లో భార్యలు ఒకరో ఇద్దరో ఉన్నారు. వాళ్ళు కూడా ఇంట్లో బియ్యం లేవని విసుక్కోవడానికే వస్తారు. మంచి ప్రశ్న అడిగిందమ్మా ఆవిడ." ఫోను పక్కన పెట్టి, "మా గురువుగారి భార్యకు ఆయన కంటే ఎక్కువ పాటలు వచ్చు. ఆయన పాఠం చెబుతూ చరణం మరిచిపోతే, వంటింట్లో నుంచి ఆవిడ అందుకునేవారు. మేము అయిదారుగురం శిష్యులం, రోజూ చూసేవాళ్ళం. ఆవిడ పేరు మాత్రం ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. అమ్మగారూ అని పిలిచేవాళ్ళం" అన్నారు.

ఆ మధ్యాహ్నం మేము పాటలేవీ పెట్టుకోలేదు. ఆవిడ ఆ అమ్మగారి గురించే చెబుతూ కూర్చున్నారు. అమ్మగారు వత్తులు చేసుకుంటూ కూనిరాగం తీసేవారట. శిష్యులకు ఆకలి వేసే వేళ తెలిసినట్టే, ఎవరి గొంతు ఎక్కడ అలిసిపోతుందో కూడా తెలిసేదట. చెబుతున్నకొద్దీ అక్కగారికే కొత్తగా ఏవో గుర్తొస్తున్నాయి.

తొలకరి ఆ ఏడు తొందరగానే వచ్చింది. ఆదివారం పొద్దున అక్కగారు గొడుగు వేసుకుని మా చర్చికి వచ్చారు. చెప్పులు వదిలి, ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద కూర్చున్నారు. వానపాటకు అందరం లేచాం. పాడుతూ వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ కూడా నిలబడి, పక్కకు దించిన చేతి వేళ్ళతో తాళం వేస్తున్నారు.

ప్రార్థన అయ్యాక వాన ఆగలేదు. ఆడవాళ్ళమంతా వరండాలో చిక్కుకుపోయాం. ఈ పాట ఎవరు కట్టారో కనుక్కున్నావట కదా, చెప్పమని అడిగారు. చెప్పాను. గ్యాంగ్‌మన్ గురించి, కిటికీ గురించి, నాట్ల పాట గురించి, ఆమె కోపం గురించి. చెబుతూ చెబుతూ, చివర పాడేటప్పుడు పెద్దమ్మ కళ్ళు తుడుచుకుందని కూడా అన్నాను. ఆమె తుడుచుకోలేదు. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. కానీ ముందు వరసలో ఇద్దరు ముసలమ్మలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు, వెనక్కి తీసుకోవడానికి మనసు రాలేదు. ఇంటికి నడుస్తూ అక్కగారితో చెబితే, "కథకు అప్పుడే చుట్టాలు దిగుతున్నారన్న మాట" అని నవ్వారు.

వానలు తగ్గాక ఇద్దరం కలిసి కొంటా వెళ్ళాం. వెళ్దామన్నది అక్కగారే. ఆ ఘాటు రోడ్డు మీద ఆవిడకు కళ్ళు తిరిగి, ఒక చోట బస్సు ఆపించాల్సి వచ్చింది. పెద్దమ్మ మా కోసం నది చేపల పులుసు వండి ఉంచింది. అక్కగారు తినరని నేను ముందే చెప్పడం మరిచిపోయాను. ఆమె ఏమీ అనుకోకుండా, కూతురితో చింతపండు పచ్చడి నూరించి, వేడి అన్నం పెట్టించింది. అక్కగారు రెండుసార్లు కలుపుకుని తిన్నారు.

భోజనాలయ్యాక పెద్దమ్మే అడిగింది. "రేడియోల పెద్ద పాట మా ఆయన వినేటోడు. నాకు సమజ్ గాకపోయేది. నువ్వు పాడుతవంట గద అమ్మా. పాడు."

అక్కగారు ఫోన్లో తంబుర పెట్టి, గొంతు సవరించుకుని మోహన మొదలుపెట్టారు. కీర్తన కాదు, ముందు ఆలాపన. మెల్లగా, ఒక్కొక్క స్వరం దగ్గర ఆగుతూ. పెద్దమ్మ గోడకు ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. చాలాసేపయ్యాక నా వైపు వంగి గుసగుసగా అడిగింది.

"మాటల్లేవేంది బిడ్డా?"

అక్కగారికి వినిపించింది. పాట ఆపి, "మాటలు తర్వాత వస్తాయి పెద్దమ్మా, ఇది ముందు భాగం" అన్నారు.

"రాకున్నా మంచిదే. పాడు నువ్వు" అంది పెద్దమ్మ.

అక్కగారు మళ్ళీ అందుకున్నారు. ఆ మధ్యాహ్నం కీర్తన దాకా వెళ్ళనే లేదు.